పొడి అక్షరాలు

ఐవర్ కిటికీ అద్దం మీద ఒకసారి కొడితే
ఏదో సరిగా లేదని.
రెండుసార్లు కొడితే, చాల్లే, నీళ్లు పొయ్యి అని.
మార్చిలో తుంటి విరిగినప్పటి నుంచి
ఆయన గొంతు వేలి కణుపులోకి దిగింది.

నేను ఊళ్లో ఉత్తరాలు పంచేదాన్ని.
పదకొండింటికి సంచి ఖాళీ అయ్యాక
ఆయన పెరటి గేటు తోసుకుని వస్తాను,
మేకుకు వేలాడే బ్రష్ తీస్తాను.
అది తొట్టి బ్రష్. ఇంక దేనికీ తాకకూడదు.
ఒకసారి బూట్లకు వాడి తిట్లు తిన్నాను.

తొట్టి అంటే
ఈ కొండ కడుపులోంచి వచ్చిన పలక రాయి,
నడుమ పళ్లెమంత పల్లం చెక్కి ఉంటుంది.
తానే చెక్కానంటాడు ఐవర్,
గని మూసేసిన ఏడాది, చేతులు ఊరుకోక.
నాకు పదిసార్లు చెప్పాడు. నమ్మాను.

పాత నీళ్లు గులాబీ మొదట్లో పారబోస్తాను.
రెట్టలు, ఈకలు, మునిగిన తేనెటీగ ఒకటి,
అంచు వెంబడి పచ్చటి పాచి,
కొత్తగా అక్షరాలు దిద్దే పిల్ల రాతలా వంకరటింకరగా.
పలక తుడిచినట్టే తుడుస్తాను.
సబ్బు వద్దు, ఈకల్లో నూనె పోతుంది.
వేడినీళ్లు, మోచేతి బలం, అంతే.
జనవరిలో గడ్డకడితే కెటిల్‌తో కరిగించాలి,
ఉప్పు చల్లితే ఊరుకోను అని
రాబోయే చలికి ఇప్పటి నుంచే పాఠం.
రెండు వేళ్ల లోతు. మూడో వేలు తడిస్తే
టక్.
నడుమ ఒక గులకరాయి, చిన్నవాటికి కాలూనడానికి.
మర్నాటికి పిట్టలు మళ్లీ రాసిపెడతాయి.
మళ్లీ తుడుస్తాను.

ఆగస్టులో ఒక గ్రీన్‌ఫించ్ వచ్చింది.
దూదిపింజలా ఉబ్బి అంచు మీద కూచుంది.
తాగబోతుంది, మింగుడు పడదు,
ముక్కు కింద తడిసిన గడ్డం.
నేను దగ్గరికెళ్లినా ఎగరలేదు.
చేతికందే పిట్టను చూస్తే భయమేసింది.
గొంతు తెగులు. ఒకే నీళ్లలో ముక్కులు ముంచితే చాలు.
మర్నాడు ఫెర్న్ ఆకుల కింద దొరికింది.
చేతి తొడుగులు వేసుకుని పాతిపెట్టాను.

ఇంక రెండు వారాలు తొట్టి ఎండాలి, అన్నాను.
"పిట్టలకేం చెబుతావ్, నెరిస్?"
"వేరే చోట చూసుకోమని."
ఆ రోజు అద్దం మోగలేదు.

కానీ ఉత్తర వేల్స్ కొండల్లో ఎండబెట్టడం ఎవరి తరం!
పిలవని చుట్టంలా వాన
నేను తుడిచింది తుడిచినట్టే నింపింది.
చెత్తడబ్బా మూత కప్పితే గాలెత్తుకుపోయింది,
మిసెస్ ప్రోబర్ట్ బఠాణీ మడిలో తేలింది.
చివరికి పక్కింటి ఓవైన్‌ని పిలిచి
చెరో అంచూ పట్టి
తొట్టిని బోర్లించాం.

అడుగున, యాభై ఏళ్ల చీకట్లో,
నత్తల జిగురు, నూలు పోగుల్లాంటి వేళ్లు,
ఉలితో చెక్కిన రెండు పొడి అక్షరాలు.
ఐవర్‌వి కావు.

ఓవైన్ నోరు తెరిచాడు. కాలు తొక్కాను.
కిటికీ వైపు నేను చూడలేదు.
పద్నాలుగు రోజులు ఆ పొడి అక్షరాలు
ఆకాశం కేసి తిరిగి తడిశాయి.
పిట్టలు వచ్చి వాటి మీద వాలి,
తలలు పక్కకు వంచి చూసి,
పోయాయి.

పదిహేనో రోజు మళ్లీ తిరగేశాం.
మరిగే నీళ్లతో కడిగి లోపలికొస్తే
టీ కలుపుతూ అడిగాడు,
"అడుగు బాగా ఆరిందా?"
"ఆరింది."
చక్కెర ఎప్పుడో కరిగింది, చెంచా ఆగలేదు.
"గెరైంట్ ఉలి," అన్నాడు, "వెన్నలో నడిచినట్టు నడిచేది.
నేను రాయి మోశాను."

ఏమంటాం.
పెరట్లోకి వెళ్లి రెండు వేళ్ల లోతు నీళ్లు పోశాను.
గులకరాయి మరిచిపోయాను.

టక్.