ఐదో పిన్ను

పాతూరు గుజిరీలో కాశింపీరా
కిలో లెక్కన తూచి ఇచ్చినాడు.
నాలుగు కిలోల రెండొందల గ్రాములు,
బూడిదరంగు పెట్టె, తుప్పు పట్టని మరలు.
"యాడిదో తెలీదన్నా, గవర్మెంటు వేలంలో వచ్చినాది.
రాగి ఉంటే నీది, లేకుంటే నీ కర్మ."

పక్కన గుండ్రటి నోరు. ఎనిమిది పిన్నులు.
కాయితం లేదు.
అంటించిన చీటీని ఎలుక కొరికి
చివర "పల్లి" అని మాత్రం వదిలింది.
మా జిల్లాలో పల్లి కానిదేముంది.

తెలియని మిషను ముందర
నేను మొదట వెతికేది భూమిని.
మీటరు నల్లవైరు పెట్టె ఒంటికి ఆనించి
ఎర్రముల్లుతో ఒక్కో పిన్నునూ తడుముతా.
ఒకటి, ఊహూఁ. రెండు, ఊహూఁ.
మూడు కుయ్‌మంది.
భూమి దొరికితే సగం పని అయినట్టే
అనేటోడు మా గురువు నాగలింగాచారి.
ఆయనకు సెంటు భూమి లేదు.

బ్యాటరీ తగిలించినా.
ఒకటో పిన్నులో ఐదు వోల్టులు,
తాసిల్దారు మాదిరి కదలకుండా.
రెండూ నాలుగూ ఏడూ ఎనిమిదీ ఉలకవు, పలకవు.
ఐదో దాని దగ్గర చెయ్యి జారింది.
ముల్లు పక్కదానికీ తగిలి
చిటుక్కుమని నీలం, కాలిన వాసన.
దాంట్లో ఏముండెనో ఇంక ఎవురికీ తెలీదు.

ఆరోది వణుకుతాంది.
అంకె నిలబడదు, మూడు, రెండున్నర, మూడు,
మాట నోటిదాకా వచ్చినోళ్లకు
దవడ కదిలినట్టు.

పాత ల్యాప్‌టాప్‌కు కలిపినా.
వేగం తొమ్మిదివేల ఆరునూర్లు: చెత్త.
నాలుగువేల ఎనిమిదినూర్లు: చెత్త, నడుమ ప్రశ్నార్థకాలు.
టీ వచ్చింది, చల్లారింది.
రెండువేల నాలుగునూర్లు పెడితే
తేదీలు. తేదీల పక్కన మీటర్లు.

బోరుగుంత మీద కూర్చోని
లోపలికి తీగ వదిలి
నీళ్లు ఎంత లోతున ఉండాయో
ఆరు గంటలకొకసారి రాసుకున్న పెట్టె ఇది.

పద్దెనిమిది పాయింట్ నాలుగు.
ఇరవై రెండు.
ఒక అక్టోబరులో తొమ్మిదికి ఎగబాకింది.
ఆ వారం ఏం వాన కురిసిందో, నేను యాడుంటినో
గుర్తు తెచ్చుకోబోయినా, రాలే.
ముప్పై ఒకటి. నలభై ఏడు.
ఆ తర్వాత అరవై.
అరవై. అరవై.
పదకొండు నెలలు అరవై.

తీగ పొడవే అంత.
నీళ్లు దాన్ని దాటి ఎప్పుడో పోయినాయి.
ఇంక రాయొద్దని దానికి ఎవురూ చెప్పలే.

కాశింపీరా ఫోను చేసినాడు, రాగి ఉందా అని.
కొంచెం అన్నా.

మూత లోపల మార్కరుతో రాసి పెట్టినా,
నా తర్వాత విప్పేటోళ్ల కోసం:
మూడు, భూమి.
ఆరు మాట్లాడుతుంది, నిదానంగా వినాల.
ఐదు, నేను కాల్చినా.