గడియ

అక్టోబరు నెలాఖరు. దుంపల తవ్వకం అయిపోయింది.
మెయిన్ రాష్ట్రం నెత్తిమీద,
కెనడాకి కూతవేటు దూరంలో ఉన్న మా వంటింటి బల్ల మీద
ఇవాళ భిన్నాల పాఠం లేదు.
తలుపు ఎలా తీయాలన్నదే ఇవాళ్టి పాఠం.

ఎవరో ఫోన్ చేశారట.
బడులకిచ్చిన తవ్వకాల సెలవులు అయిపోయాక కూడా
మా పిల్లలు చేలోనే ఉన్నారని,
చిన్నదాని కాళ్ళకి బూట్లు లేవని.
బూట్లున్నాయి. బుట్టలో, దుంపల మధ్య.
చర్చి మెట్ల మీద జెనెవీవ్ ఈ మాట నా చెవిన వేసి
నా మొహం చూడకుండా కారెక్కింది.
ఆ ఫోన్ తనదే అని నేననుకోలేదు.
అనుకోలేదని రాత్రంతా అనుకున్నాను.

ఫైలు దించాను.
ఆగస్టులో జిల్లా ఆఫీసుకి పంపిన ఉత్తరం నకలు,
దానికి గుచ్చిన పోస్టాఫీసు రసీదు,
టీకాల కార్డులు, ఏడాది చివర టీచరమ్మ పెట్టిన సంతకం,
క్లోవిస్ పళ్ళ డాక్టరు బిల్లు, సగం ఇంకా బాకీ.
ఒడీల్ చదివిన పుస్తకాల పట్టీలో
పదిహేడో పేరు మీద జామ్ మరక.
మార్చి నెల హాజరు మాత్రం ఖాళీ.
మార్చిలో మా అత్తగారు ఈ ఇంట్లోనే, కిటికీ పక్క మంచం మీద,
కొంచెం కొంచెంగా పోయింది.
పిల్లలు ఆ నెల నేర్చుకున్నదానికి
ఏ గడిలో టిక్కు పెట్టాలో నాకు తెలియలేదు.

లాయరు ఫోన్‌లో చెప్పింది, పొడి పొడిగా:
బయటికి రా. నీ వెనక తలుపు దగ్గరికి వెయ్యి.
పేరడుగు, కార్డు చూడు, ఫిర్యాదేమిటో అడిగి
వాళ్ళ నోట వచ్చినట్టే రాసుకో.
లోపలికొస్తామంటే కోర్టు కాగితం ఉందా అని అడుగు.
లేదంటే, నాతో మాట్లాడి చెప్తానను.
గొంతు పెంచకు. భయపడ్డట్టు కనపడకు.
మళ్ళీ ఒక్క క్షణమాగి,
కొంచెం భయపడ్డా పరవాలేదులే, అంది.

లియోపోల్ నా పాత కోటు బిగించుకుని
వాకిట్లోకి వెళ్ళి తలుపు తట్టాడు.
ఆఫీసరన్నమాట. చేతిలో పొయ్యి కట్టెల లెక్కల పుస్తకం.
ఒడీల్ ఒకటే నవ్వు.
క్లోవిస్ నవ్వలేదు. తొమ్మిదేళ్ళవాడు, అడిగాడు:
"వచ్చినవాళ్ళు మంచివాళ్ళయితేనో?"

లూయిస్టన్‌లో మూడో అంతస్తు.
నాకప్పుడు ఏడేళ్ళు.
పసుప్పచ్చ రెయిన్‌కోటులో ఒకావిడ వచ్చింది.
తలుపు సందులోంచి కనిపించింది ఆ రంగే.
మా నాన్న అరచెయ్యి నా నోటి మీద ఉంది,
సిగరెట్టు వాసన, ఇనుము వాసన.
ఆవిడ తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది.
తర్వాత మెట్లు దిగే చప్పుడు.
ముప్ఫై రెండు వరకూ లెక్కపెట్టాను.
లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు.
పదకొండు రోజులకి ఆవిడ మళ్ళీ వచ్చింది, వెంట పోలీసు.
ఆ పదకొండు రోజుల సంగతి లియోపోల్‌కి కూడా పూర్తిగా తెలియదు.

కోటు విప్పించాను.
పిల్లల్ని బల్ల దగ్గర కూచోబెట్టి చెప్పాను:
మిమ్మల్ని ఏదైనా అడిగితే
నిజం చెప్పండి.
నా మీద అయినా సరే.
మార్చిలో పాఠాలు జరగలేదని చెప్పండి.
నేను ఒకసారి గిన్నె విసిరానని చెప్పండి, గోడకే అయినా.
లాయరు ఇది చెప్పమనలేదు.
లియోపోల్ కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు.

మంగళవారం వచ్చింది ఆవిడ. కుర్రది.
మా దారి బురదంతా బూట్లకి,
జలుబుతో ఎర్రబడ్డ ముక్కు.
నేను బయటికి వచ్చాను.
పేరడిగాను, కార్డు చూశాను, వేళ్ళు కొంకర్లు పోతున్నా
చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.
కాగితం లేదంది. అయితే ఇక్కడే మాట్లాడదామన్నాను.
తలూపి, మెట్టు మీదే కూచుంది,
తడి మెట్టని చూసుకోకుండా.

నా వెనక తలుపు దగ్గరికి వేసే ఉంది,
నేర్చుకున్నట్టే.
గడియ మాత్రం పడనివ్వలేదు.
ఆ సందులోంచి
ఒడీల్ ఊపిరి వినిపిస్తోంది.