ఇన్ కాదు, ఇంటూ

కందుకూరు కోర్టులో తర్జుమా బల్ల నాది.
ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన పాత సమను.
ఊరు కదలకుండానే మా జిల్లా ప్రకాశం పోయి నెల్లూరైంది,
రబ్బరు స్టాంపుకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.
ఇవాళ బల్లమీద భూగర్భజలాల వాళ్ళ నివేదిక.
ఎనిమిది పేజీలు, పదమూడు చోట్ల ఒకటే మాట:
ఇంట్రూజన్.

నిఘంటువు చొరబాటు అంటోంది.
రాసి చూశాను, కుదరలేదు.
చొరబాటుకి కాళ్ళుండాలి, చీకటుండాలి,
గోడ దూకిన చోట సున్నం రాలాలి.
ఉలవపాడు దిగువన మాలకొండయ్య సపోటా తోటలోకి
సముద్రం అలా రాలేదు.
మట్టి కింద, చప్పుడు లేకుండా,
ఆకు అంచు మాడినాక గానీ తెలియకుండా వచ్చింది.

ప్రతివాది రొయ్యల చెరువులాయన.
వరండాలో వాదినే అడిగాను,
మీ ఊళ్ళో ఏమంటారు దీన్ని?
"ఏమంటాం మేడం, ఉప్పెక్కింది అంటాం."
ఆర్పిన బీడీ చెవిమీద పెట్టుకుని, గొంతు తగ్గించి,
"కేసైతే ఏశా గానీ,
మంచినీళ్ళు ఉన్నన్నాళ్ళూ అది గడప తొక్కలా.
ఆయన తోడాడు, నేనూ తోడా.
కాళీ అయిన చోట ఎవురో ఒకరు కూచుంటారుగా."
ఈ ముక్క రాయబాకండి, అన్నాడు.
అక్కడ రాయలేదు.

ఉప్పెక్కడం అని పెట్టి పైకి పంపాను.
సూపరింటెండెంటు కళ్ళజోడు సర్దుకుని
పదమూడు చోట్లా చొరబాటు చేసి పంపాడు.

మా నాయన చీమకుర్తి క్వారీలో డ్రిల్లు పట్టినవాడు.
ఆ రాయికీ ఇదే మాటని
లీజు కాగితాలు తర్జుమా చేస్తుంటే తెలిసింది.
పాత రాయి పగుళ్ళలోకి నిప్పుముద్ద ఒకటి తోసుకొచ్చి,
బయటికి పోయే దారి లేక
యుగాలకొద్దీ అక్కడే చల్లారి నల్లబడింది.
నలుపులో బంగారు చుక్కలు.
ఇప్పుడు లారీలన్నీ ఆ పిలవని పేరంటం కోసమే.
నాయన ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ముకి మాత్రం
డాక్టరు వేరే పేరు రాశాడు.

ఇంతకీ ఈ మాట పక్కన ఏం రావాలి?
ఇల్లయినా నేలయినా ఇంటూ.
ఒకరి ఏకాంతమో దుఃఖమో అయితే ఆన్.
లోపలికి రావడం వేరు, మీద పడడం వేరు.
ఇన్ మాత్రం పనికిరాదు.
ఇన్ అంటే అప్పటికే లోపల ఉన్నట్టు.

పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన నాలుగో నెల,
సుకీర్తి తన ఎనిమిదో తరగతి నోటుబుక్కు తెచ్చి
దిద్దమని నా ముందు పెట్టి వెళ్ళింది.
అంతకుముందెప్పుడూ ఏమీ ఇవ్వని పిల్ల.
కష్టమైన మాటలు పది, ఒక్కోదానికీ సొంత వాక్యం.
ఏడోది:
మై న్యూ మదర్ ఈజ్ యాన్ ఇంట్రూజన్ ఇన్ అవర్ హౌస్.
స్పెల్లింగులో తప్పు లేదు.
దండెం మీద వాళ్ళమ్మ నూలుచీర ఒకటి అప్పటికీ ఉండేది,
ఎవరూ తీసేవాళ్ళు కాదు, నేనూ తీయలేదు,
ఉతికి మళ్ళీ అక్కడే ఆరేసేదాన్ని.

ఎర్రపెన్నుతో ఇన్ కొట్టేశాను.
పైన ఇంటూ రాశాను.
ఇంకేం చేయాలో నిజంగా తెలియలేదు.

తప్పు రాస్తే ఐదుసార్లు దిద్దడం వాళ్ళ బడి రూలు.
రాసింది. వంటింటి గడపమీద కూచుని,
నేను పోపు వేస్తుంటే, నాకు వీపు పెట్టి.
ఇంటూ అవర్ హౌస్, ఇంటూ అవర్ హౌస్,
మార్జిను దాటకుండా, ముత్యాల్లాంటి అక్షరాలు.
ఐదో వరసలో న్యూ లేదు.
చెయ్యి నొప్పి పుట్టి వదిలేసిందో,
పోపు ఘాటుకి తుమ్మొచ్చి మర్చిపోయిందో.
అడగలేదు.
ఆ ఒక్క తప్పూ దిద్దలేదు.