నట్లు ఇప్పిన గది

పదకొండేండ్లు ఒక్క దిక్కే చూసిండ్రు పిల్లలు.
బెంచీలు నేలకు బిగించి ఉండె మరి.
ఎవలు ఎత్కపోతరని భయపడ్డరో.

మూడొద్దుల శిక్షణకు పోయి
ఒక ఫైలు, ఒక పెన్ను, ఒక మాట పట్టుకొచ్చిన:
"నలుగుర్ని ఎదురెదురుగ కూసోబెట్టుండ్రి."
కూసోబెడుదును. బెంచీలు తిరగొద్దా?

అటెండర్ ఖాజామియా నా మొఖం చూసిండు.
"దర్ఖాస్తు రాస్తే యేడాది సార్, పానా తెస్తే ఒక పూట."
ఆదివారం, మహబూబ్‌నగర్ ఎండల,
యూనివర్సిటీ మొత్తం నిద్రపోతుంటే
మోకాళ్ల మీద వంగి నూటపన్నెండు నట్లు ఇప్పినం.
తుప్పు, కొబ్బరినూనె, ఖాజామియా తిట్లు.

తొలివారం అంతా లొల్లి.
ఒకడు రాస్తే ముగ్గురు ఎక్కిచ్చుకున్నరు.
పక్కగది మేడం తలుపు నెట్టి
"సార్ లేరేమో అనుకున్న" అన్నది.
నేనున్న. గోడకు ఆనుకొని ఉన్న.
ముందు అనేదే లేని గదిల
సారు జాగ ఏది?

ఆఖరికి పాఠాన్ని చీటీలు చింపిన.
ఒక్కొక్కరికి ఒక్క ముక్క,
పక్కోనికి చెప్పకుంటే ఎవలి లెక్కా తెగదు.

ఆ దినం బిగువైన తీగ మీద తరంగం.
కోస్గి కుర్మయ్య చీటీల సూత్రముంది, తలకాయల లేదు.
శివలీల చీటీల బొమ్మ ఉంది.
నారాయణపేట పిల్ల. రెండేండ్లల్ల
హాజరు పలికినప్పుడు తప్ప దాని గొంతు ఇనలే నేను.
చున్నీ అంచుకెల్లి పోగు గుంజింది,
ఒక కొన కుర్మయ్య పండ్ల నడుమ, ఒక కొన తన వేలుకు.

"మా నాయిన పడుగు పోగు ఇట్లనే మీటి చూస్తడు.
సదలుగుంటే మూగది.
బిగిస్తే పలుకుతది.
తెగే ముందర, ఇను, సన్నగ ఏడుస్తది.
గదే నీ సూత్రంల తన్యత."

కుర్మయ్య నోట్ల పోగుతోనే నవ్విండు.
పక్క బెంచోళ్లు తమ చున్నీలు, చొక్కాలు వెతుక్కుంటున్నరు.
నేను దగ్గరికి పోలే.
ఇన్నేండ్లు బోర్డు మీద గీసిన బాణాలు యాదికొచ్చి
జర కుళ్లు గూడ పుట్టింది, దాచుడెందుకు.

తర్వాత మెమో వచ్చింది,
ప్రభుత్వ ఆస్తి నట్లు ఏమైనయని.
నూటపదకొండు లెక్కబెట్టి అప్పజెప్పిన.
ఒకటి దొరకలేదని రాసిన.

అది కిటికీ ఊచకు దారం మీద ఏలాడుతుంది.
సోమవారం లోలకం.
చీటీలు ముందరేసుకొని కూసున్న,
నాకు తెలిసిన ముక్క
ఈసారి ఎవలికియ్యాల్నో తెగుతలేదు.