చిల్లర బాకీ

సఖినేటిపల్లి రేవులో పంటు టిక్కెట్లు చింపేది నేనే.
మనిషికింత, మోటారు సైకిలుకింత,
మేకకెంతన్నది మేకతో వచ్చిన మనిషిని బట్టి.
మిగతా టైములో ఎం.టి.హెచ్. చదువుతున్నాను.
విశ్వాస సమర్థన శాస్త్రం, రెండో ఏడు.

ఆ పేరు చెబితే మా అమ్మ
లేసు అల్లే సూది ఆపి
"అంటే ప్లీడరు చదువా?" అంది.
దాదాపు అంతేనమ్మా, అన్నాను.
కక్షిదారుడు మాత్రం కోర్టుకి రాడు.

లాకుల దగ్గర పనిచేసి రిటైరైన వీర్రాఘవులు గారు
రోజూ మొదటి పంటులో నర్సాపురం వెళ్తారు, పేపరు కోసం.
దేవుడు లేడన్నది ఆయన నలభై ఏళ్ల నమ్మకం,
నాకంటే పదహారేళ్లు పెద్దది.
"ఏవమ్మా శాస్త్రం, ఇవాళేం రుజువు చేశావు?"
కారణానికో కారణం, దానికింకో కారణం,
వెనక్కెళ్తూ వెళ్తూ ఎక్కడో ఓ చోట మొదలుండాలి కదండీ, అంటాను.
కాలవ చూడండి, ధవళేశ్వరంలో మొదలవలేదూ?
"ఆయ్. అక్కడ మొదలెట్టింది మనుషులే" అంటారు.
పంటు హారన్ కొడతాడు.
ఆ పూటకి గెలుపు ఆయనదే.

రాత్రిళ్లు టిక్కెట్టు పుస్తకాల అట్టల వెనక
ఒకదాని మీద ఆక్షేపణ, ఒకదాని మీద జవాబు రాసి
రబ్బరు బ్యాండేసి బిస్కెట్ల డబ్బాలో పెడతాను.
బాధ గురించిన కట్ట అన్నిటికంటే లావు.
పదమూడు జవాబులు. నంబర్లు కూడా వేశాను.

ఆగస్టులో, ఎర్రనీళ్లు దిగుతున్న వారం,
లంకలో ఏబేలు వాళ్ల చిన్నపిల్ల జ్వరంతో పోయింది.
పోయిన నెలే వాళ్ల నాన్న భుజం మీద పంటెక్కింది.
అయిదేళ్లలోపు కనక టిక్కెట్టు చింపలేదు.

దీనమ్మ వంటపాకలో నాకు పీట వాల్చింది.
"నువ్వు చదివేది దీని గురించేనంట గదా. చెప్పవే."
వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.
డబ్బా ఇంటి దగ్గరుంది, నంబర్లు నోట్లో ఉన్నాయి.
ఏడోది మంచిది, మా ప్రొఫెసరు గారు మెచ్చుకున్నది.
అది పెదాల దాకా వచ్చేసరికి
పొయ్యి మీద గంజి పొంగింది.
లేచి మంట తగ్గించాను.
ఆమె గోంగూర ముందేసుకుంటే నేనూ కూర్చుని వలిచాను.
చీకటి పడిందాకా వలిచాం.
అంత కూర ఎవరు తింటారని ఇద్దరం అనుకోలేదు.

మా గుళ్లో సమాధానమంటే
ఆరాధన చివర పాస్టరు గారు చేతులెత్తి ఇచ్చేది.
మా కోర్సులో సమాధానమంటే
అడిగినదానికి రాసేది, ఇరవై మార్కులకి.
దీనమ్మ వీటిలో ఏది అడిగిందో
నాకిప్పటికీ తెలీదు.

టర్మ్ పేపర్లో పన్నెండు జవాబులు రాశాను.
పన్నెండూ ఇప్పటికీ నమ్ముతాను.
ఏడోదాని చోట గోంగూర గురించి రాశాను.
మార్జిన్లో ఎర్ర సిరా: "ఆధారం?"
దీనికి అధోజ్ఞాపిక ఎలా వెయ్యాలి?
దీనమ్మ. వంటపాక. వరద తీసిన గురువారం.
పేజీ నంబరు లేదు.

అమ్మ లేసులో సగం ఖాళీలే.
దారం వాటి చుట్టూ తిరుగుతుంది, అంతే.
షావుకారు ఖాళీల్ని కూడా కలిపే గజాలు కొలుస్తాడు.
మా ప్రొఫెసరు గారు అలా కొలవరు.
అది ఆయన తప్పు కూడా కాదు.

నిన్న వీర్రాఘవులు గారు ఇరవై కాయితం ఇచ్చి
"దీనమ్మకేం చెప్పావు?" అనడిగారు.
ఏం చెప్పలేదండీ.
కాసేపు నీళ్లకేసి చూశారు.
"నేనూ వెళ్లాను. నేనూ ఏం చెప్పలేదు."
మళ్లీ గొంతు సవరించుకుని
"అంతమాత్రాన రుజువైపోదు సుమా" అన్నారు.
అవదండీ, అన్నాను.
గల్లాలో అయిదు రూపాయల చిల్లర లేదు.
రేపిస్తానండీ, అన్నాను.
తాడు విప్పేస్తున్న పంటు మీదకి కాలేస్తూ
"ఏది?" అన్నారు.