కింది దవడ, ఎడమవైపు, ఆరో పన్ను

చర్చి వార్డెన్ మిస్టర్ గాథర్‌కోల్
పన్నెండు సమాధులకు పన్నెండు చీటీలు రాశాడు.
ఈ ఊళ్లో ఇల్లు కొని ఏడాదైనా కాలేదు నేను.
టోపీలో చెయ్యి పెడితే ఇతని పేరొచ్చింది:
ఫ్లైట్ సార్జెంట్ క్లెమెంట్ ట్రెవాస్కిస్,
విమానం తోకలో తుపాకీ పట్టినవాడు,
ఇరవై రెండేళ్లు.

దత్తత, అన్నాడాయన.
దత్తత అంటే మాలో గోత్రం మారాలి,
ఇంటిపేరు మారాలి,
ఒకరి ఒళ్లోంచి తీసి ఇంకొకరి ఒళ్లో పెట్టాలి.
ఇక్కడ అవేమీ లేవు.
నాకంటే అరవై ఏళ్లు ముందు పుట్టిన పిల్లవాణ్ణి
ఒక బకెట్టూ ఒక మెత్తని బ్రష్షూ ఇచ్చి
అప్పజెప్పారు.

బ్లీచ్ వద్దు, ఇనపపోచల బ్రష్ వద్దు అన్నారు.
రాతికి పట్టినదాన్ని నేను పాచి అంటాను.
క్లినిక్‌లో జనం నోళ్లలో చూసేదాన్నీ పాచే అంటాను.
లింకన్‌షైర్ మొత్తంలో
ఈ సంగతి చెప్పి నవ్వుకోడానికి నాకు మనిషి దొరకలేదు.

ఆ చలికాలం రాత్రుళ్లు అతన్ని వెతికాను.
ఆస్ట్రేలియా వాళ్లు దాచిన ఫైలు, యాభై మూడు పేజీలు.
గోధుమలు పండే ఊరు. తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్.
బూటు సైజు. ఛాతీ కొలత.
ఆలస్యంగా వచ్చినందుకు మూడు రోజుల జీతం కోత.
మిగిలిన సామాను: మేజోళ్లు ఆరు జతలు, మౌత్ ఆర్గాన్ ఒకటి,
సైకిల్ ఒకటి, ఎవరిదో తెలియదు.
ఫోటో ఉండాల్సిన చోట
గుండుసూది తుప్పు మరక.

పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను.
పళ్ల పటం.
మిగతా కాగితాలన్నీ తడుముకుంటూ చదివినదాన్ని
దీన్ని గడగడా చదివేశాను.
పై వరస బాగుంది. జ్ఞానదంతాలు ఇంకా రాలేదు.
గార అంతా ఎడమవైపే, అంటే కుడివైపు నమిలేవాడు.
కింది దవడ, ఎడమవైపు, ఆరో పన్ను: లోతైన పుచ్చు.
ముఖం తెలియదు నాకు.
నోరు తెలుసు.

పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున
పుచ్చు పన్ను లోపలి గాలి ఉబ్బుతుంది.
దీని మీద రెండు పేరాలు బట్టీపట్టి పరీక్ష రాశాను నేను.
అతను వేళ్లు కొంకర్లు పోయే గాజు గూట్లో
దాంతోనే కూర్చున్నాడు ఎనిమిదేసి గంటలు.
పంటి బిగువున, అంటాం కదా.
బిగించడానికీ లేదతనికి.

నలభై ఒకటో పేజీ, తల్లి ఉత్తరం.
పొగమంచులో దారి తప్పి చక్కెరదుంపల చేలో
కూలిన విమానం గురించి
ఆమె ఒక్క ముక్కా అడగలేదు.
"ఆఖరి ఉత్తరంలో పన్ను నొప్పి అని రాశాడు.
ఎవరైనా చూశారా?"

వెనకే టైపు కొట్టిన జవాబు:
విచారిస్తున్నాము. ఆ వివరం మా వద్ద లేదు.

ఉంది.
ఇరవై రెండు పేజీల ముందు, అదే ఫైల్లో,
పటం అడుగున పెన్సిల్ రాత, నేనూ మొదటిసారి చూడనిది:
జనవరి తొమ్మిది. పుచ్చు తొలిచి పూడ్చడమైనది. నొప్పి లేదు.
కింద సంతకం అర్థం కాలేదు,
ఏ డాక్టరు సంతకం అర్థమయింది గనక.

విమానం కూలింది జనవరి ఇరవైన.
మధ్యలో పదకొండు రోజులు
రెండు వైపులా నమిలి ఉంటాడు.

ఆదివారం, అతని పేరులోని అక్షరాల సందుల్లో
పాచి తీస్తూ తీస్తూ పైకే చెప్పాను, తెలుగులోనే.
ఆమెకు నా ఇంగ్లిషైనా కొత్తే కదా.
"చూశారమ్మా. బాగానే చేశారు.
నేనైనా అంతే చేసేదాన్ని."

కుక్కతో పోతున్న ఒకాయన
వాన గురించి అన్నాననుకుని
అవునవును, అన్నాడు.

సైకిల్ ఎవరిదో ఇంకా తేలలేదు.
గాథర్‌కోల్ గారి పెద్దత్తకు ఏదో గుర్తుందట.
గురువారం రమ్మంది.
వచ్చేటప్పుడు పనిముట్లు తెచ్చుకోమంది,
తన కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నాయట.