బరువు

కాశీనగరం బంకులో కుర్రాడు
గొట్టం టాంకులో పెట్టి అడుగుతాడు:
"మైలేజీ ఏపాటిస్తాది బావూ?"
పాతికంటే వాడు నవ్వుతాడు.
ముప్పై అంటే నేనే నవ్వాలి.
చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు తలొంచుకుంటాను.

ఈ బుల్లెట్టు మా జిల్లా కంటే వయసులో పెద్దది.
గజపతి జిల్లా పుట్టక ఆరేళ్ల ముందే
బరంపురంలో కొన్నాను.
కాగితాల్లో ఇప్పటికీ గంజామే.
జిల్లా మారింది,
పశువులాసుపత్రిలో తొమ్మిదిమంది డాక్టర్లు మారారు,
కాంపౌండరు మారలేదు,
వాడి కుడికాలి కింద గేరూ మారలేదు.

కొత్త బళ్లు మీట నొక్కితే పలుకుతాయి.
దీన్ని అడగాలి.
డీకంప్రెషన్ లివరు పట్టి, ఊపిరి వదిలించి,
ఆంపియర్ ముల్లు నడిమికొచ్చేదాకా
కిక్కు రాడ్డు మెల్లగా దించి,
అప్పుడు
ఒక్క తన్ను.
తొందరపడ్డ రోజున అదే తిరిగి తంతుంది.
ఎనభైతొమ్మిదిలో నా చీలమండా
మా బావమరిది తవిటయ్య చీలమండా
ఒకే వారం కట్టు కట్టించుకున్నాయి.
అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ
కోపంమీద దాని దగ్గరికి పోలేదు.

పర్లాకిమిడిలో దైతారి మేస్త్రి
స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు.
"భలొ అఛి" అంటాడు.
నూనె కారుతోంది కదయ్యా అంటే
"కారనీండి, లోపల ఉందనే కదా అర్థం."
బొట్టు పడేచోట మా ఆవిడ
డాల్డా డబ్బా మూత పెట్టింది.
వాకిట్లో ముగ్గు ప్రతిరోజూ
ఆ మూత చుట్టూ ఒక వంపు తిరిగి పోతుంది.

ఎందుకింకా ఇది అని అడిగేవాళ్లకి
ఎదురుగాలికి చలించదనీ
ఘాటీ వానలో రోడ్డుని కరిచిపట్టుకుంటుందనీ చెబుతాను.
అబద్ధమేం కాదు.
అయితే కరిచిపట్టుకోని రోజు ఒకటుంది.

రామగిరి ఎగువన, శ్రావణం, చీకటి పడే వేళ,
వెనక థర్మోకోల్ పెట్టెలో గాలికుంటు టీకాలు.
ఎర్రమట్టి జారింది.
నేనో పక్క, అదో పక్క.
నూట అరవై చిల్లర కిలోలు.
పడ్డ ఎద్దుని లేపడం నా ఉద్యోగమే,
మెలిపెట్టడానికి దీనికి తోక లేదు.
తేలిక బండయితే లేపుకుని, దులుపుకుని,
ఎవరికీ తెలియకుండా దిగిపోయేవాణ్ణి.
పెట్టెలో మంచు కరుగుతున్న చప్పుడు వింటూ
రెండు గంటలు కూర్చున్నాను.

అడ్డాకుల గొడుగుల కింద ముగ్గురొచ్చారు.
ఇర్మియా రైకా, వాళ్ల అన్న, ఇర్మియా భార్య.
ఆవిడ నన్నోసారి కిందా మీదా చూసి
వీపున ఉన్న చంటిదాన్ని విప్పి
నా చేతుల్లో పెట్టి
తాను హ్యాండిల్ పట్టుకుంది.
బండి లేచేదాకా నా పని అదే,
వానలో పిల్లని తడవకుండా ఆడించడం.
ఆ రాత్రి వాళ్లింట్లో రాగి జావ.
తెల్లారి మొదటి టీకా వాళ్ల ఎర్రావుకి.

ఆ పిల్ల ఇప్పుడెదురైతే పోల్చుకోలేను.
కానీ గుణుపురం దాకా ప్రతి మలుపులోనూ
దీన్ని ఎప్పుడో ఒకసారి లేపిన చేతులున్నాయి.
టీ కొట్టువాడు, లారీ క్లీనరు,
రేగిడిలో ఓ పెళ్లి బృందం మొత్తం.
దడ్ దడ్ మని వినబడగానే
"కాంపౌండరు బాబు, ఈసారి నిటారుగానే వస్తన్నాడు"
అనుకుంటారట.

నిన్న సెంటర్ స్టాండు వెయ్యలేకపోయాను.
రెండుసార్లు చూశాను. మోకాలు ఒప్పుకోలేదు.
ఎవరూ చూడలేదనుకుని
గోడకి ఆనించబోతుంటే
వెనకనుంచి క్యారియర్ పట్టి ఎవరో ఎత్తారు.
మా ఆవిడ. ఏమీ అనలేదు,
ముగ్గులోకి తిరిగి వెళ్లిపోయింది.

నల్ల సీటు మీద తెల్లగా నాలుగు వేళ్లు.
పొద్దున్నించీ గుడ్డ చేతిలోనే ఉంది,
అంతా తుడిచాను, అక్కడ తప్ప.